ఉత్తరం పరిచిన రాజు

మా నాయనమ్మ పేరిట హాస్పిటల్ నుంచి ఉత్తరం వచ్చింది. అమ్మ అది చదివి, అంతా బాగానే ఉందట, కాస్త నీరసమేనట అని చెప్పి డ్రాయర్‌లో పెట్టేసింది. అమ్మ ఏళ్ల తరబడి నర్సు. రోగుల ముందు ముఖం మామూలుగా ఉంచుకోవడం ఆమెకు చేతనైన విద్య. నాయనమ్మ దగ్గర మాత్రం ఆ విద్య ఏనాడూ పారలేదు. ఆవిడ ఆ పూట అన్నం మానేసి, పెద్దపిల్లని పిలిపించండి, అదొచ్చి చదివితేనే నమ్ముతాను అందట. పెద్దపిల్లంటే నేను. డునెడిన్‌లో ఉద్యోగం, క్రైస్ట్‌చర్చ్‌లో మా వాళ్ల ఇంటికి ఐదు గంటల డ్రైవ్. శనివారం పొద్దున్నే బయల్దేరాను.

ఊళ్లోకి వచ్చాక సరాసరి ఇంటికి వెళ్లలేకపోయాను. ధైర్యం చాలలేదు. కారు నది వైపు తిప్పి, మేం ముందు ఉన్న వీధికి పోయాను. వీధంటే రోడ్డు ఒక్కటే ఉంది. ఇళ్లు లేవు. భూకంపం తర్వాత ఆ నేల ఇళ్లకు పనికిరాదని గవర్నమెంటు తేల్చి, అన్నిటినీ పడగొట్టించి గడ్డి చల్లేసింది. పెరటి చెట్లను మాత్రం ఉంచారు. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో వాటిని బట్టే చెప్పాలి. జంట ప్లమ్ చెట్లున్న చోటు పక్కింటి ఆంటీది. నిమ్మచెట్టు మూలమీద వాళ్లది. అంజూరం మాది.

ఆ అంజూరం మొక్కను పక్కింటి ఆంటీయే ఇచ్చింది. ఆవిడ తెల్ల ముసలావిడ, ఒంటరి మనిషి. తాతయ్య పోయాక నాయనమ్మ ఇక మాతోనే ఉండిపోవడానికి వచ్చిన కొత్తలో, కంచె మీంచి ఒక కొమ్మ అందించి పేరు చెప్పిందట. నాయనమ్మకు ఇంగ్లీషు రాదు. నేను స్కూలు నుంచి రాగానే, ఇది అంజూరం మొక్క నాయనమ్మా అని చెప్పానో లేదో, ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"హిజ్కియా రాజు గారి మందే ఇది! అసలు చెట్టు ఎట్టా ఉంటదో ఇన్నాళ్లకి చూశా."

మా నాయనమ్మ గుంటూరు వైపు పల్లెల్లో ముప్పై ఏళ్లు బైబిల్ ఉమెన్‌గా పనిచేసింది. చేతిలో గొడుగు, చంకలో బొమ్మల చుట్ట పెట్టుకుని ఊరూరా నడిచి, చేలగట్ల మీద ఆడవాళ్లకు కథలు చెప్పడం ఆవిడ ఉద్యోగం. అన్ని కథల్లోకీ ఆవిడకు ఇష్టమైనది హిజ్కియా రాజు కథ. ఆ రాజు గురించి చెప్తుంటే మా పెదతాత గురించి చెప్తున్నట్టే ఉండేది. ఆయనకి కోపం ఎక్కువా తక్కువా, ఏ కూర ఇష్టం లాంటివి కూడా తనకు తెలుసన్నట్టే మాట్లాడేది.

కథ ఇది. రాజు ఊరిని అష్షూరు వాళ్ల సైన్యం చుట్టుముట్టింది. వాళ్ల మనిషి గోడ కింద నిలబడి, ఊళ్లో వాళ్లందరికీ వినబడేట్టు, మీ దేవుడు మిమ్మల్నేం కాపాడతాడురా అని కేకలేశాడు. తర్వాత అదే మాట ఉత్తరంలో రాసి పంపారు. రాజు ఆ ఉత్తరాన్ని చదివాడు. మంత్రుల్ని పిలవలేదు. గుడికి పోయి, దేవుడి ముందు దాన్ని పరిచి, ఇదిగో, నువ్వే చూడు అన్నాడు. సైన్యం వచ్చిన దారినే పోయింది. ఆ తర్వాత రాజుకు జబ్బు చేసింది. చావు ఖాయమని ప్రవక్త వచ్చి ముఖం మీదే చెప్పాడు. రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు. దేవుడు మనసు మార్చుకుని ఇంకో పదిహేనేళ్లు ఇచ్చాడు. అంజూరపు పళ్ల ముద్ద కురుపు మీద కడితే తగ్గిపోయింది.

గోడవైపు ఎందుకు తిరిగాడని ఒకసారి అడిగాను. రాజు ఏడిస్తే ఇంట్లో నౌకర్లు బెంబేలెత్తరూ, ఏడుపు చూడాల్సినాయన గోడలోంచి కూడా చూస్తాడులే అంది.

ఈ కథ ఆవిడకు కథ కాదు, ఆచారం. మా ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా ముందు చదివించుకుని, తర్వాత బల్లమీద పరిచి, రెండు అరచేతులతో మడతలు సాపు చేసి, కళ్లు మూసుకునేది. కరెంటు బిల్లు పరిచింది. నాన్న ఉద్యోగం కాగితం పరిచింది. నా ప్రోగ్రెస్ రిపోర్టు కూడా పరుస్తుందని భయపడి, లెక్కల్లో నా ఘనకార్యం దేవుడి దాకా ఎందుకని, దాన్ని పరుపు కింద దాచేశాను. దుప్పట్లు మారుస్తూ ఆవిడ దాన్ని పట్టుకుంది. తిట్టలేదు. పరుపు మీదే పరిచి ప్రార్థన చేసింది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

భూకంపం మధ్యాహ్నం వచ్చింది. నాకప్పుడు పదమూడేళ్లు. స్కూలు నుంచి నడిచి ఇంటికొచ్చేసరికి మా వీధంతా బూడిదరంగు బురద. భూమి లోపలి ఇసుకా నీళ్లూ పైకి తన్నుకొచ్చి, మోకాళ్ల లోతున పెరట్లోకి చేరాయి. ఏటి అడుగు వాసనా మురుగు వాసనా కలిసి కొడుతున్నాయి. ఆ బురద మధ్యలో అంజూరం పక్కన నాయనమ్మా పక్కింటి ఆంటీ చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఈవిడ తెలుగులో ధైర్యం చెప్తోంది, ఆవిడ ఇంగ్లీషులో ఏడుస్తోంది. ఇద్దరికీ అన్నీ అర్థమవుతున్నట్టే ఉంది.

తర్వాత కొన్ని నెలల పాటు మా బతుకు పిక్నిక్కులా గడిచిందంటే ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, నా మట్టుకు నాకు అట్లాగే ఉండేది. కరెంటు లేని రోజుల్లో పక్కింటి ఆంటీ బార్బెక్యూ మీద పప్పుచారు కాగేది. నాయనమ్మ దాని మీదే ఎండుచేపలు కూడా కాల్చింది. ఆ వాసనకు వీధి చివరి పిల్లులన్నీ మా పెరట్లోకి కాపురం మార్చాయి. ఆంటీ ముక్కు మూసుకుని ఒక ముక్క తిని, రెండోది అడిగి తీసుకుంది. ఇంట్లో బాత్రూములు పనిచేసేవి కావు. వీధిలో ప్లాస్టిక్ మరుగుదొడ్డి ఒకటి తెచ్చి పెట్టారు. నాయనమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, గొడుగేసుకుని, పెళ్లికి పోయినట్టు హుందాగా దాంట్లోకి వెళ్లేది. నేను బయట కాపలా. గాలికి అది ఊగితే లోపలి నుంచి కీర్తన వినిపించేది.

చర్చి గోడలు బీటలిచ్చి మూసేశారు కాబట్టి శుక్రవారం ప్రార్థన మా గ్యారేజీలో పెట్టుకునేవాళ్లం. నలుగురైదుగురు స్టూడెంట్లు, అమ్మతో పనిచేసే నర్సులు, ఇంకా పక్క వీధి హిందూ కుటుంబం. మా వెంకన్న ఏమీ అనుకోడులెండి, ఇట్లాంటప్పుడు నలుగురిలో ఉంటేనే మేలు అని ఆ ఆంటీ పులిహోర పట్టుకొచ్చేది. భూమి ఇంకా అప్పుడప్పుడూ కదులుతూనే ఉండేది. ప్రార్థన మధ్యలో కదిలితే, అంకుల్స్ అప్పటిదాకా నెమ్మదిగా చేస్తున్న ప్రార్థన రైలు వేగం అందుకునేది. నేను ఇది కనిపెట్టి, ప్రార్థన సాగతీసిన రోజున బెంచీ కాలిని మెల్లగా తన్నేదాన్ని. బెంచీ ఊగేది, అందరూ ప్రభువా అని లేచేవాళ్లు, రెండు నిమిషాల్లో ఆమెన్ పడేది. మూడోసారి నాయనమ్మ చూసింది. అక్కడే తొడపాశం పెట్టింది. భయంలో ఉన్నోళ్లతో ఆడుకోకే, పాపం అని చెవిలో అంది. ఆ మాట అప్పుడు నా చెవికి ఎక్కలేదు.

అప్పటికి ఊరంతా గవర్నమెంటు నేలకి వేసే రంగుల గోల. నేల గట్టిగా ఉంటే ఆకుపచ్చ, ఉండిపోవచ్చు. ఎర్ర రంగైతే ఇల్లు వదిలి పోవాలి. ఏదీ తేలని వాళ్లది నారింజ. మాది నారింజ. నాన్న సివిల్ ఇంజనీరు. రోజూ ఊళ్లో ఇళ్లన్నీ తిరిగి ఏది నిలుస్తుందో ఏది నిలవదో చూసి వచ్చేవాడు. మా హాలు గోడలో చెయ్యి పట్టేంత బీట ఉంటే, దాని ముందు క్యాలెండర్ తగిలించాడు.

ఒక సాయంత్రం వంటింట్లో అమ్మతో ఆయన అంటున్న మాటలు విన్నాను. ఎర్ర రంగు పడితే ఈ ఊరొద్దు, ఆస్ట్రేలియా పోదాం అంటున్నాడు. నాయనమ్మకి అక్కడ ఉండడానికి పేపర్లు ఇప్పట్లో రావు, అప్పటిదాకా ఇండియాలో తన చెల్లెలి దగ్గర ఉంచుదాం అన్నాడు. ఎప్పటిదాకా అని అమ్మ అడిగింది.

నాకు తెలుగు చదవడం నేర్పింది నాయనమ్మ. జడ వేసేది, పక్కలో పడుకోబెట్టుకునేది, అమ్మ డ్యూటీల మధ్య నాకు అన్నం కలిపి పెట్టేది ఆవిడ. ఆస్ట్రేలియా పోవడం అంటే నాకు భయం లేదు. ఆవిడ లేని ఇంట్లోకి పోవడం అంటే చచ్చేంత భయం.

ఉత్తరం ఒక శుక్రవారం పొద్దున వచ్చింది. మా స్కూలు బిల్డింగు పాడైపోయి, ఇంకో స్కూల్లో మధ్యాహ్నం షిఫ్టు నడిపేవాళ్లు కాబట్టి పొద్దున పూట ఇంట్లో నేనూ నాయనమ్మే. పోస్టు డబ్బాలో నుంచి కవరు తీసింది కూడా ఆవిడే. గవర్నమెంటు ముద్ర ఆవిడకు గుర్తే. చెయ్యి తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుని, చదువు తల్లీ అంది.

చదివాను. ఎర్రది. రెండో లైన్లోనే ఉంది. మిగతావన్నీ మర్యాద మాటలు.

నాయనమ్మ నా ముఖంలోకి చూస్తోంది. నా నోటి నుంచి వచ్చిన మాట నాకే వినపడింది. "పచ్చ రంగే నాయనమ్మా. ఉండొచ్చంట."

ఆవిడ లేచి నన్ను పొట్టకు హత్తుకుంది. ఆవిడ చీరకు ఎప్పుడూ పసుపూ సబ్బూ కలిసిన వాసన. ఆ వాసనలో ముఖం దాచుకుని నేను కళ్లు తెరవలేదు. తర్వాత ఆవిడ ఉత్తరాన్ని గ్యారేజీలోకి తీసుకుపోయి, ప్రార్థన బల్లమీద పరిచి, మడతలు సాపు చేసింది. స్తోత్రం చెప్తూ అరగంట ఏడ్చింది. నేను తలుపు దగ్గర నిలబడి ఆ కాగితాన్నే చూస్తున్నాను. ఉన్న మాట అచ్చంగా పైకే కనబడుతోంది. ఆవిడ కళ్లు మూసుకుని ఉంది. దేవుడు చదివేస్తాడు, ఈవిడకి చెప్పేస్తాడు అనుకుని స్కూలుకు పారిపోయాను.

ఆ రోజు స్కూల్లో ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తు లేదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సందులోకే ఏలకుల వాసన. పెద్ద గిన్నెడు సేమ్యా పాయసం. జీడిపప్పు డబ్బా మొత్తం ఖాళీ చేసింది. గ్యారేజీ నిండా జనం. నాన్న ఇంకా రాలేదు.

సాక్ష్యాలు చెప్పే వేళకి నాయనమ్మ లేచి నిలబడింది. హిజ్కియా రాజు కథంతా మళ్లీ చెప్పి, ఆ రాజుకి చేసినట్టే మాకూ చేశాడు అంది. పక్కింటామెకు కూడా ఇదే ఉత్తరం వచ్చిందంట, కంచె దగ్గరకొచ్చి నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు, సంతోషం పట్టలేకపోయింది పిచ్చితల్లి, నేనూ ఆమెతో కలిసి ఏడ్చి, పాయసం ఇచ్చి పంపా అని చెప్పింది.

ఎవరూ హల్లెలూయ అనలేదు. మా వీధి సంగతి వాళ్లకు మధ్యాహ్నమే తెలిసింది. పులిహోర ఆంటీ తల దించుకుంది. అప్పటికి నాన్న వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. బూట్ల నిండా బురద. ఆయన ముఖం చూస్తే ఆయనకూ తెలుసని అర్థమైంది. నాయనమ్మ ఆయన్ను చూసి, బల్ల మీది ఉత్తరం తీసి అందించింది. అందరికీ వినపడేట్టు చదవరా అయ్యా అంది.

నాన్న ఉత్తరం అందుకున్నాడు. ఒకసారి కాగితం వైపు, ఒకసారి నావైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. పదిమందిలో తల్లిని చిన్నబుచ్చలేక ఆయన కూడా పచ్చ రంగనే చదవబోతున్నాడని నాకు తెలిసిపోయింది. నా అబద్ధం నాన్న నోట్లోకి పోవడం నేను భరించలేకపోయాను.

"నాన్నా, చదవొద్దు. ఎర్రది. నేనే అబద్ధం చదివాను."

ఇంకేవో కూడా అన్నాను. నాయనమ్మని ఇండియా పంపొద్దని అన్నట్టున్నాను. ఏడుపులో ఎంత వినపడిందో తెలియదు. నాయనమ్మ నిలబడే ఉంది. ముఖం మీద ముడతలన్నీ ఒక్కసారిగా కిందికి జారినట్టయింది. నన్ను ఎవరు కొట్టినా ఆ ముఖం కన్నా నయమే. కాసేపటికి ఆవిడ కొంగు దోపుకుంది.

"పాయసం చల్లారిపోతంది. వడ్డించండి" అంది.

అందరూ పాయసం తిన్నారు. నేనూ తిన్నాను.

మర్నాడు పొద్దున ఆవిడ నన్ను గ్యారేజీలోకి పిలిచింది. ఉత్తరం మళ్లీ బల్ల మీద పరిచి ఉంది. ఇప్పుడు సరిగ్గా చదువు అంది. ఒక్కో మాటా చదివి తెలుగులో చెప్పాను. మర్యాద మాటలు కూడా వదల్లేదు. ఆవిడ కళ్లు మూసుకోకుండానే విన్నది.

"నిన్న నువ్వు నన్ను మోసం చేశావు గానీ ఆయన్ని చెయ్యలేదులే. ఆయనకి ఇంగ్లీషు రాదనుకున్నావా?"

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. దేవుడు ఎందుకు మార్చలేదని అడిగాను. ఆయన ముందు పరిచింది మార్చమని కాదే, చూడమని అంది. తర్వాత నాకు అప్పటిదాకా చెప్పని మిగతా కథ చెప్పింది. పదిహేనేళ్లు వచ్చిన సంబరంలో రాజు, బబులోను నుంచి వచ్చిన చుట్టాలకు తన ఇల్లంతా, కొట్లన్నీ తిప్పి చూపించాడట. ఇదంతా ఒకరోజు ఎత్తుకుపోతారయ్యా అన్నాడట ప్రవక్త. సరేలే, నా రోజుల్లో కాదుగా అనుకున్నాడట రాజు.

ఆ ఒక్క మాట మాత్రం నాకు గిట్టదు, అందుకే పిల్లలకి చెప్పను అంది. ఎంత భక్తిపరుడైనా ఇల్లు చూసుకుని మురిస్తే అట్టాంటి మాటలే వస్తాయి అంది. తర్వాత, నేను అడిగింది కూడా ఇల్లు కాదే పిచ్చిదానా అంది. నాన్న మాటలు ఆ సాయంత్రం ఆవిడ కూడా విన్నదట, హాల్లో నుంచి.

"నాలుగేళ్లో పదేళ్లో, పిల్లల మధ్యన ఉండనియ్యి సామీ అని అడిగా. ఎర్రో పచ్చో ఆయనకి ఒదిలేశా."

మా వెనక చప్పుడైతే తిరిగి చూశాను. తలుపు దగ్గర నాన్న. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. వెళ్లి హాల్లో క్యాలెండర్ తీసేసి, బీటలో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఆస్ట్రేలియా మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. ఊరికి పడమర వైపు, నేల గట్టిగా ఉన్న చోట చిన్న అద్దె ఇల్లు, ఆ తర్వాత సొంత ఇల్లు. పక్కింటి ఆంటీ తన కొడుకు దగ్గరకు వెళ్లిపోయింది. ఇల్లు వదిలే రోజున నాయనమ్మ ఒక గదిని కూడా తిరిగి చూడలేదు. అంజూరం మొదట్లో మాత్రం బిందెడు నీళ్లు పోసింది.

ఇదంతా ఆ గడ్డిలో నిలబడి గుర్తు చేసుకుని, కారెక్కాను. ఇంటికి చేరేసరికి అమ్మ గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుంది. తీసేయడానికి వీల్లేని చోట గడ్డట, ఆ వయసుకి వైద్యం కూడా వద్దన్నారట, నొప్పి తెలియకుండా మందులిస్తారట. మెల్లగా చెప్పవే అంది. నేను చదవడం దేనికి, మీరెవరైనా చదవచ్చుగా అన్నాను. లోపలి నుంచి నాయనమ్మే జవాబిచ్చింది. గొంతు మాత్రం ఏమీ మారలేదు.

"ఈ ఇంట్లో అబద్ధం చదివి ఏడ్చింది అదొక్కతే. అది మళ్లీ ఆ పని చెయ్యదు."

ఆవిడ మంచం పక్కన బల్లమీద ఉత్తరం పరిచాను. మడతలు ఆవిడే సాపు చేసింది. ఇప్పుడా చేతులకు బలం లేదు, నేను కూడా అదిమాను. చదివాను. ఒక్క మాట వదల్లేదు. ఎక్కడైనా ఆగితే మళ్లీ అదే లైను నుంచి చదివాను. అయిపోయాక ఆవిడ తలూపి, మెల్లగా గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ లోపలికి రాబోతే నాన్న ఆపాడు. నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. గోడవైపు తిరిగిన మనిషితో మాట్లాడకూడదని నాకు ఆవిడే నేర్పింది.

చాలాసేపటికి ఇటు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి కానీ ముఖం తేటగా ఉంది.

"రాజుకి పదిహేనేళ్లిచ్చాడు. ఆ గ్యారేజీలో అడిగిన కాణ్ణుంచి లెక్కేస్తే నాకూ పదిహేను అయిపోయినయ్. ఇంక ఏళ్లు అడిగితే బాగోదు. అంజూరాలు పండేదాకా అని అడిగా. మన చెట్టు ఉందా, కొట్టేశారా?"

ఉంది నాయనమ్మా, ఇప్పుడే చూసి వస్తున్నాను అన్నాను. కాయలు ఎట్టా ఉన్నాయి అంది. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. చెట్టు నిండా ఉన్నాయి, కానీ ఇంకా పచ్చివి, నా చిటికెన వేలి కొసంత కూడా లేవు. పండడానికి చాలా రోజులు పడుతుంది.